గుమ్మంలో కాపురం

లోకంలో ఎవరైనా ఇంట్లో కాపురం చేస్తారు. బన్ను, డ్రైవరు మాత్రం రెండేళ్ళుగా గుమ్మంలో చేస్తున్నారు. పిచ్చి పట్టి కాదు, పని అలాంటిది. ఆమె బేకరీలో రాత్రంతా పిండి కలిపి, రొట్టెలు కాల్చి, తెల్లారేసరికి ఇల్లు చేరుతుంది. అతను ఊళ్ళో తిరిగే తొలి బస్సు తియ్యాలి. ఆమె తలుపు తోసుకుని వచ్చేసరికి అతను బూట్లు వేసుకుంటూ ఉంటాడు. సాయంత్రం అతను బూట్లు విప్పుతుంటే ఆమె చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. వారానికో సెలవు ఇద్దరికీ ఉంది గాని, ఆ డ్యూటీలు వేసినవాడెవడో వీళ్ళ మీద కక్ష గట్టినట్టే వేశాడు. ఆమెకు సెలవున్న రాత్రి అతనికి దూరపు బస్సు పడుతుంది. అతనికి సెలవున్న పగలు ఆమె దుప్పటి ముసుగేసి పడుకుని ఉంటుంది. అతను పాపం గిన్నె చప్పుడు కాకుండా వండుకు తిని, పిల్లిలా తిరుగుతూ ఉంటాడు.

కాబట్టి మాటలన్నీ గుమ్మంలోనే. "ఇవాళ ఒకావిడ కోడిని ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. కోడికి టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరు నన్నడుగుతాడేంటి?" అని అతను. "మా బేకరీ మేస్త్రి ఉప్పు రెండుసార్లు వేసి, ఒక్కసారే వేశానని ఒట్టు పెట్టుకున్నాడు" అని ఆమె. అతను ఒక కాలికి బూటుతో, ఇంకో కాలు చల్లటి నేల మీద పెట్టి నవ్వేవాడు. ఆమె తలుపు రెక్క పట్టుకుని, పిండి అంటిన జుట్టుతో నవ్వేది. బన్ను అన్న పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. బేకరీలో చేరిన వారానికే అతను పెట్టాడు. ఇప్పుడు కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. ఆమె అతన్ని మామూలప్పుడు "డ్రైవరు గారూ" అంటుంది, కోపమొస్తే ఒట్టి "డ్రైవర్" అంటుంది. నలుగురిలో "మీరు", గుమ్మంలో "నువ్వు".

ఏడాది చివర సెలవుల్లో ఈసారి ఒక వింత జరిగింది. బేకరీ బట్టీ పగుళ్ళిచ్చి మరమ్మతుకొచ్చింది, డిపోలో అతనికి పెండింగు సెలవులన్నీ ఒకేసారి ఇచ్చారు. పెళ్ళయ్యాక మొదటిసారి ఇద్దరికీ కలిసొచ్చిన సెలవు. ఇంకేముంది, ఆమె పుట్టింటికీ, అతని అక్కగారింటికీ, ఆమె స్నేహితురాలింటికీ, చివరికి అతన్ని పెంచిన పెద్దమ్మ ఇంటికీ వెళ్ళొద్దామని అతను ఉత్సాహంగా బ్యాగు సర్దాడు.

బన్ను మనసులో మాత్రం ఒక మాట ముల్లులా ఉండిపోయింది. బట్టీ ఆర్పేసిన రోజున మేస్త్రి ఆమెను పక్కకు పిలిచి, "కేకుల దగ్గర పగటి పని ఖాళీ అవుతోందమ్మా. నువ్వు వస్తానంటే నీకే. సెలవులయ్యేలోపు చెప్పు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడు. ఇంకొకతె అయితే ఎగిరి గంతేసి, మొగుడికి దారిలోనే ఫోన్ చేసి చెప్పేది. పగటి పనంటే సాయంత్రానికి ఇద్దరూ ఇంట్లో ఉంటారు. రాత్రి ఒకే వేళకి తింటారు, ఒకే వేళకి పడుకుంటారు. బన్ను ఇంటికెళ్ళి ఆ మాట చెప్పలేదు. ఎందుకంటే భయమేసింది. గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు చెప్పుకుంటేనే ఇంత ముద్దుగా ఉన్న మనిషి, పూటంతా ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటాడో ఆమెకు తెలీదు. తను అతనికి ఎలా ఉంటుందో అసలే తెలీదు. సరే, సెలవులున్నాయిగా, చూద్దాం, అనుకుంది.

చూడ్డం ప్రయాణంలోనే మొదలైంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఊరు దాటింది, పొలాలు దాటాయి, ఇంకో ఊరొచ్చింది. అతను నోరు విప్పలేదు. ముందున్న డ్రైవరు వీపుకేసి చూస్తూ, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకును కుడికాలితో తొక్కుతున్నాడు. ఆమె ఏదైనా మాట్లాడదామని వెతుక్కుంది.

"ఎండగా ఉంది కదా," అంది.

"ఊఁ," అన్నాడతను, ఎండకేసి చూసి.

ఆ "ఊఁ" విని ఆమె కిటికీ వైపు తిరిగింది. రెండేళ్ళ కబుర్లూ ఏమైపోయాయి? బూట్లు వేసుకునేటప్పుడు తప్ప ఈ మనిషికి మాటలు రావా?

పుట్టింట్లో మనుషులు కిటకిటలాడుతున్నారు. రాత్రి ఆడవాళ్ళంతా ఒక గదిలో, మగవాళ్ళంతా హాల్లో పడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం తల్లికి కూతురి మీద జాలేసింది. పిల్లల్ని తరిమేసి, "కాస్సేపు మీరిద్దరూ కూర్చోండి" అని గది తలుపు దగ్గరగా వేసి, టీ కూడా లోపలికే పంపింది. ఇద్దరూ మంచానికి చెరో కొసనా కూర్చున్నారు.

"టీ బాగుంది," అన్నాడతను.

"ఊఁ."

"మీ నాన్నకి దగ్గు తగ్గినట్టుంది."

"తగ్గింది."

ఆ తర్వాత గోడ గడియారం మాట్లాడింది, వీళ్ళు మాట్లాడలేదు. అంతలో మామగారు వీధిలోంచి అల్లుణ్ణి పిలిచారు, కొట్టుదాకా వెళ్ళొద్దామని. అతను గుమ్మం దగ్గర బూట్లు తగిలించుకుంటుంటే బన్ను వెనకాలే వచ్చింది. ఒక్క బూటు ఎక్కిందో లేదో, అతని నోటికి తాళం ఊడిపోయింది. "నిన్న రాత్రి మీ నాన్న నిద్రలో ఎవరితోనో బేరమాడుతున్నారు తెలుసా? 'ఇంకో రూపాయి తగ్గించు' అన్నారు. నేను తగ్గించాను కూడా!" ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దరూ గొంతులు తగ్గించి చెప్పుకుంటూనే ఉన్నారు. వీధిలో మామగారు ఎండలో నిలబడి, విసిగి, ఒక్కరే కొట్టుకు పోయారు.

వంటింటి కిటికీలోంచి తల్లి ఇదంతా చూసింది. ఆమెకు వినపడింది లేదు, కనపడింది మాత్రం ఇదీ: అల్లుడి కాళ్ళకు బూట్లున్నాయి, కూతురు తలుపు పట్టుకుని నోరు మూసుకుంది, ఇద్దరూ గుసగుసలాడుతున్నారు. గదిలో కూర్చోబెడితే ఉలుకూ పలుకూ లేని వాళ్ళు! "అల్లుడు దేనికో అలిగి వెళ్ళిపోతానంటున్నాడు, ఇది బతిమాలుతోంది" అని తీర్మానించుకుంది. ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు.

అతని అక్క టైలరు. ఇంటి ముందు గదిలోనే మిషను, నేలంతా గుడ్డముక్కలు, ఎప్పుడు చూసినా మెడలో టేపు. వెళ్ళీ వెళ్ళగానే మరదలికి జాకెట్టు కొలతలు తీసేసుకుని, తమ్ముడి చొక్కాకి ఊడిన గుండీ కుట్టేసి, వంట మొదలుపెట్టింది. వీళ్ళిద్దరూ మిషను పక్కన చెరో స్టూలు మీద కాసేపు కూర్చుని, గుడ్డముక్కలకేసి చూసి, ఏం తోచక ఒకరి వెనక ఒకరు గుమ్మంలోకి నడిచారు. అక్కడ నిలబడి చెప్పులు కాళ్ళకు తగిలించుకోగానే ప్రాణం లేచొచ్చింది. అక్కగారి కొలత టేపు గురించి, ఆవిడ పిన్నులు నోట్లో పెట్టుకుని మాట్లాడే తీరు గురించి చెప్పుకుని మురిసిపోతున్నారు.

అక్క గరిటెతో బయటికొచ్చి చూసింది. మొహం చిన్నబోయింది.

"అప్పుడే బయల్దేరుతున్నార్రా?"

"లేదక్కా, ఊరికే..."

"ఊరికే చెప్పులేసుకుంటారా ఎవరైనా? పోన్లే. ఇరుకిల్లు, మీకు సుఖంగా ఉండదు, నాకు తెలుసు." లోపలికి వెళ్ళి, ఉడికీ ఉడకని కూరా అన్నమూ డబ్బాలో పెట్టి తెచ్చి, మరదలి చేతిలో ఉంచింది. "దారిలో తినండమ్మా."

అప్పుడు మేం వెళ్ళట్లేదని చెప్పాలా? చెప్పాలి. కానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూశాక ఇద్దరికీ నోరు రాలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత చెప్పనే చెప్పింది, వీళ్ళే వినలేదు. వీధి చివర బస్టాపు బల్ల మీద కూర్చుని డబ్బా విప్పారు.

"మనం ఎందుకు వచ్చేశాం?" అన్నాడతను.

"మీ అక్క పంపించేసింది."

"కూరలో ఉప్పు లేదు."

"వేసేలోపే వచ్చేశాంగా."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో బన్నుకి ఒక్క క్షణం అనిపించింది, చెప్పేద్దామా అని. నోటిదాకా వచ్చింది. అంతలో బస్సొచ్చింది, ఎక్కారు, కూర్చున్నారు. కూర్చోగానే మళ్ళీ ఇద్దరూ మూగనోము పట్టేశారు. చెప్పాల్సిన మాట గొంతులోకి వెనక్కి దిగిపోయింది.

స్నేహితురాలింట్లోనూ అదే తంతు. ఆ పిల్ల పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఎదుటివాళ్ళ నోట్లోంచి నిజం రాబట్టడం తన ఉద్యోగం అనుకుంటుంది. వీళ్ళిద్దర్నీ గుమ్మంలో రెండుసార్లు చూసి, బన్నుని బాల్కనీలోకి లాక్కెళ్ళి, "ఏదైనా ఉంటే నాతో చెప్పవే, నేనెవరికీ చెప్పను" అంది. బన్ను తెల్లబోయింది. పగటి పని సంగతి దీనికెలా తెలిసిందా అని తేలు కుట్టిన దొంగలా మొహం పెట్టింది. ఆ మొహం చూసి స్నేహితురాలు ఇంకేదో అర్థం చేసుకుంది. ఎవరికీ చెప్పనన్న మాట ప్రకారం, ఆ సాయంత్రమే బన్ను తల్లికి ఫోన్ చేసి చెప్పింది.

పెద్దమ్మ ఇల్లు చివరిది. పెద్దమ్మ ఒక సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపి లోపలికి పంపే ఉద్యోగం చేసి, దాన్లోనే ముసలిదైంది. గొంతు ఇప్పటికీ హాలు చివరి వరస దాకా వినిపిస్తుంది. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. వీళ్ళొచ్చిన రోజంతా ఆవిడ ఏమీ అనలేదు. కాకపోతే గమనిస్తూ ఉంది, అన్నం వడ్డించేటప్పుడు ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చూస్తూ. రాత్రి బన్నుని తన గదిలో పడుకోబెట్టుకుని, అతనికి హాల్లో పక్క వేసింది.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో బల్బు మాడిపోయింది. కొత్తది తెస్తానని అతను గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు. బన్ను మామూలుగానే వెనకాలే వెళ్ళింది. అతను అప్పుడే, "పెద్దమ్మ గురక విన్నావా, రెండో ఆట వదిలినట్టు..." అని మొదలుపెట్టాడు. వెనకనుంచి నేల మీద బరబరా చప్పుడైంది. పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి గుమ్మం పక్కన వేసింది. మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చింది. తనకో పీట వేసుకుని, వీధిలోకి దారి లేకుండా గడపకు అడ్డంగా కూర్చుంది.

"కూర్చోండి."

"బల్బు తేవాలి పెద్దమ్మా."

"బల్బు ఎక్కడికీ పారిపోదు. కూర్చోరా." ఇద్దరూ కూర్చున్నారు. "ఒక మాట అడుగుతా. అబద్ధం చెప్పకండి. మీరిద్దరూ విడిపోతున్నారా?"

అతను పకపకా నవ్వాడు. "ఎవరన్నారు?"

"అననిదెవరో అడుగు. మీ అత్తగారు మీ అక్కకి ఫోన్ చేసింది. మీ అక్క నాకు చేసి ఏడ్చింది. ఏ ఇంటికెళ్ళినా గుమ్మంలో నిలబడి గుసగుసలట. లోపల కూర్చోబెడితే ఒకరి మొహం ఒకరు చూసుకోరట. దాని ఇంట్లో అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయారట!"

"ఆ అన్నం మేం అడిగామా..." అని నవ్వుతూనే అతను భార్య వైపు తిరిగాడు. "విన్నావా బన్నూ? మనకి పడట్లేదట. పెద్దమ్మకి నువ్వు చెప్పు."

ఆ మాటకు బన్ను కూడా నవ్వెయ్యాలి. "ఛ, అలాంటిదేం లేదు పెద్దమ్మా" అంటే అయిపోయేది. కానీ ఆమె నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను లోపల పెట్టుకుని తిరుగుతున్న భయాన్నే ఊరంతా పైకి అంటోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అతని నవ్వు ఆగిపోయింది. "బన్నూ?" అన్నాడు. ఇంకోసారి, చాలా చిన్నగా, "పడట్లేదా?" అన్నాడు.

అతని మొహం అలా పాలిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇక దాచుకోలేకపోయింది.

"మేస్త్రి నాకు పగటి పని ఇస్తానన్నాడు. సెలవులకు ముందే అన్నాడు. నేను నీకు చెప్పలేదు."

"పగటి పనా? అంటే రోజూ సాయంత్రం ఇంట్లో ఉంటావా? ఇంత మంచి మాట నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసి." పెద్దమ్మ ముందు "నువ్వు" అంటున్నానన్న ధ్యాస కూడా లేదు ఆమెకు. "బస్సులో అంతసేపు నా పక్కన కూర్చున్నావు, ఒక్క మాట మాట్లాడావా? మా ఇంట్లో గదిలో కూర్చోబెడితే టీ బాగుందన్నావు. రోజూ అంతే అయితే? మనకున్నవి గుమ్మంలో చెప్పుకునే ఆ నాలుగు మాటలే. పగటి పనికి వెళితే అవీ పోతాయి. అప్పుడు నీ దగ్గరా నా దగ్గరా ఏం మిగులుతుంది?"

అతను తన బూటుకేసి చూశాడు. తర్వాత వంగి లేసు ఊడదీశాడు. రెండు బూట్లూ విప్పి గోడ వారగా పెట్టి, అప్పుడు మాట్లాడాడు.

"నేను మాటలు పోగేసుకుంటాను బన్నూ. రోజంతా బస్సు నడుపుతూ, ఇది నీకు చెప్పాలి, ఇది వద్దు, ఇదైతే నవ్వుతావు, అని ఏరి పెట్టుకుంటాను. ఎర్ర లైటు పడ్డప్పుడల్లా ఒకసారి నెమరేసుకుంటాను, మర్చిపోకుండా. ఈ సెలవుల్లో ఏం పోగేసుకోను? నేను చూసిందంతా పక్కనుండి నువ్వూ చూస్తున్నావు. ఆ బస్సులో నాక్కూడా చెమటలు పట్టాయి. వీడి దగ్గర సరుకింతే, అయిపోయింది, అని నువ్వు అనుకుంటావేమోనని."

"నేనా?"

"మరి ఇంకెవరు?"

పెద్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నుదురు కొట్టుకుంది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది! ఇదా సంగతి? మీ పెదనాన్న రోజుకి మూడు మాటలు మాట్లాడేవాడురా. అన్నం పెట్టు, కరెంటు పోయింది, పడుకో. కరెంటు పోని రోజున రెండే. ఇప్పుడాయన లేడని నేనేడిచేది ఆ మాటల కోసమా? ఇంట్లో ఆయన చెప్పులీడ్చుకుంటూ తిరిగే చప్పుడు కోసం." కొంగుతో ముక్కు తుడుచుకుంది. వెంటనే గొంతు పెంచింది. "హాల్లో ఇలాంటి జంటల్ని రోజూ చూసేదాన్ని. టికెట్ చింపించుకుని, గుమ్మంలోనే నిలబడి కబుర్లు. బొమ్మ పడింది, లోపలికి నడవండి, అని తోసేదాన్ని. లోపల చీకట్లో ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. మాట్లాడలేదని ఎవరైనా మధ్యలో లేచి వెళ్ళిపోయారా?"

పీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళిద్దరూ అలాగే కూర్చున్నారు. వీధిలో ఒకామె బకెట్టు నీళ్ళు చల్లి తన గుమ్మం కడుక్కుంటోంది. ఎవరిదో సైకిలు గోడకు ఆనించి ఉంది. అతను ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. మొదట్లో ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంది, ఇప్పుడేదైనా అనాలేమో అన్నట్టు. ఆ తర్వాత ఎప్పుడో ఆమె వెతుక్కోవడం మానేసింది. భయం పూర్తిగా పోయిందని కాదు, దానితోనే కూర్చోవచ్చని తెలిసింది.

కాసేపటికి పక్కనుంచి ఒక చప్పుడు వినపడి తిరిగి చూసింది. అతను కుర్చీలోనే నిద్రపోయాడు. తల ఓ పక్కకు వాలిపోయింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. రెండేళ్ళ కాపురంలో అతను నిద్రపోతుండగా చూడ్డం ఆమెకిదే మొదలు. నిద్రలో ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుందని, కుడికాలు అప్పుడప్పుడూ బ్రేకు తొక్కుతుందని ఇప్పుడే తెలిసింది. ఇంకా తెలియనివి ఎన్నున్నాయో అనుకుంటే ఆమెకు ఒక్కసారిగా ఆశ పుట్టింది. అవి గుమ్మంలో తెలిసేవి కావు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేని ఇంట్లో తెలియాలి.

లేచి, చప్పుడు చెయ్యకుండా గోడ వారకు నడిచి, మేస్త్రికి ఫోన్ చేసింది.

"నేనొస్తానండి, పగటి పనికి."

"సెలవుల్లో కూడా నన్ను పడుకోనివ్వరేంటమ్మా," అన్నాడు మేస్త్రి. "సరే, రా. మీ ఆయనకి చెప్పావా?"

"చెప్పానండి," అంది బన్ను.

ఆ రాత్రి బల్బు లేక ముగ్గురూ వంటింటి గడప దగ్గర, హాల్లోంచి పడే వెలుతురులో భోంచేశారు.

మర్నాడు బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, ఈసారి నిజంగానే వెళ్ళిపోవడానికి. అతను బూట్లు వేసుకున్నాడు. ఆమె తలుపు పట్టుకుంది. చెప్పుకోవడానికి ఇద్దరికీ ఏమీ తోచలేదు. పెద్దమ్మ కాసేపు ఎదురుచూసింది.

"ఏంటి, అయిపోయాయా గుసగుసలు?"

"అయిపోయాయి పెద్దమ్మా."

"అయితే వెళ్ళండి. మీ అత్తగారికి నేను ఫోన్ చేసి చెప్తాలే."

బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. ఊరు దాటింది, పొలాలు దాటాయి. అతను ముందున్న డ్రైవరు వీపుకేసి చూస్తూ బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది. చాలా దూరం వెళ్ళాక, ఏ గుమ్మమూ దగ్గర్లో లేకుండానే, అతను నెమ్మదిగా అడిగాడు.

"బన్నూ, నేను గురక పెడతానా?"

"పెడతావు."

"నిజంగా? ఎప్పట్నుంచి?"

"నాకేం తెలుసు?" అంది ఆమె. "నిన్ననే కదా చూశాను."